అడ్డసరం దడి వెనక పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు బడిలో, మూడో పీరియడ్ మధ్యలో తెలిసింది. తొమ్మిదో తరగతి పిల్లలకు సమాసాలు చెబుతున్నాను. టేబుల్ మీద ఫోను రెండుసార్లు వణికి ఆగింది. మూడోసారి చూస్తే పెద్దమ్మ కోడలు. ఆ అమ్మాయి నాకు ఎప్పుడూ ఫోన్ చేయదు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"అక్కా, అత్తమ్మ పోయింది. పొద్దున్నే వాకిలి ఊడ్చి, చీపురు గోడకి ఆనించి, అట్టాగే మెట్టు మీద కూలబడింది. నేను నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి తీసకపోతారంట." గొంతు తగ్గించి, "నీకు చెప్పాలనిపించింది" అంది.

మా వీధిలో అందరికీ తెలుసు, పెద్దమ్మకూ నాకూ చాలా ఏళ్ళు మాటల్లేవని. ఎందుకు లేవో కూడా తెలుసు. కానీ వాళ్ళకు తెలిసింది సగమే. మిగతా సగం తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ నాకు రక్తసంబంధం కాదు. మా పక్కిల్లు. మా అమ్మ ఆమెను అక్కా అనేది, కాబట్టి నాకు పెద్దమ్మ. గురజాల నుంచి మాచర్ల వైపు పోయే రోడ్డు మీద బస్సు దిగి లోపలికి పది నిమిషాలు నడిస్తే మా వీధి. అన్నీ నాపరాళ్ళ గోడలే. ఒక్క పెద్దమ్మ ఇంటికే గోడ ఉండేది కాదు. వీధి పక్కంతా అడ్డసరం దడి. ఆమె మిషన్ స్కూల్లో ఆయాగా పనిచేసేది. పెద్దమ్మకు ముప్పై ఏళ్ళన్నా రాకముందే మొగుడు పోయాడు. ఒక్కడే కొడుకు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మా మాటలో గుడికి, పోయేది. మిగతా ఆరు రోజులూ, బడి పని అయ్యాక, ఆ దడి దగ్గరే ఎక్కువగా కనిపించేది.

అడ్డసరం మీలో చాలామంది చూసే ఉంటారు, పేరు తెలియకపోయినా. మనిషెత్తు పెరిగే పొద. ఆకు పొడుగ్గా, మొన తేలి ఉంటుంది. పువ్వు తెలుపు, దాని పెదవి మీద ఊదారంగు గీతలు. మేక దాన్ని ముట్టదు, గేదె ముట్టదు. అందుకే దడికి వేస్తారు. చిన్నప్పుడు మేం ఆ పూలు పీకి అడుగున చీకితే చుక్కంత తీపి వచ్చేది. ఆకు మాత్రం నోట్లో పెట్టలేనంత చేదు.

"పువ్వులో తీపి పిల్లకాయలకి, ఆకులో చేదు పెద్దోళ్ళకి. దేవుడు అట్టా పంచాడు" అనేది పెద్దమ్మ.

దగ్గుకు ఆ ఆకును మించింది లేదని మా చుట్టుపక్కల నమ్మకం. పెద్దమ్మకు అది వాళ్ళ అత్తగారు నేర్పిన పని. పసుపు తిరిగిన ఆకు కోసేది కాదు, లేతాకూ కోసేది కాదు. మధ్యరకం ముదురాకు చూసి తుంచేది. ఒక్కో ఆకునూ తడిబట్టతో రెండు వైపులా తుడిచేది. నాలుగాకులు, మూడు మిరియాలు, చిటికెన వేలి గోరంత అల్లం. రెండు గ్లాసుల నీళ్ళు అరగ్లాసు అయ్యేదాకా మరగాలి. దించాక తాటిబెల్లం ముక్క. ఉత్త రసం కావాలంటే ఆకును ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టి అప్పుడు పిండేది. పచ్చిగా నూరితే రసం దిగదని చెప్పేది. ఎండిన ఆకులు కందిపప్పు డబ్బాలో వేస్తే పురుగు పట్టదని మా అమ్మకు నేర్పింది కూడా ఆమే.

ఎవరు వచ్చినా ముందు దగ్గమనేది. చెవి దగ్గరగా పెట్టి వినేది. పెళ్ళయిన ఆడపిల్ల వస్తే వీధిలో ఎవరున్నా చూడకుండా "నెల తప్పిందా?" అని అడిగేది. ఆ పిల్ల సిగ్గుపడితే కసిరేది. "సిగ్గెందుకే? కడుపుతో ఉన్నోళ్ళకి ఈ ఆకు పడదు. గర్భం జారిపోద్ది. ఆకు మంచిదే. ఎవరికి, ఎన్నాళ్ళు అనేది అడక్కపోతే అదే ఆకు చెడ్డది."

ఎన్నాళ్ళు అన్న మాట ఆమె నోట్లో అప్పటికే ఉందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా గుర్తొచ్చింది.

మా వైపు మిరప పండితే ఇల్లు గడుస్తుంది, దగ్గూ వస్తుంది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా ఎక్కడ చూసినా కల్లాలే. ఎండిన కాయల్లోంచి తాలు కాయలు ఏరడం, తొడిమలు తీయడం అంతా ఆడవాళ్ళ పని. పొద్దున ఎక్కితే చీకటి పడే వేళకు దిగుతారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఘాటు లోపలికి పోతూనే ఉంటుంది. ఆ మూడు నాలుగు నెలలూ పెద్దమ్మ దడి సగం బోడి అయ్యేది. కల్లాల నుంచి దిగిన ఆడవాళ్ళు ఇంటికి పోతూ పోతూ గుప్పెడాకు పట్టుకుపోయేవాళ్ళు.

మా అమ్మ కూడా అలా కల్లాలకు పోయే కూలీల ముఠాలోదే. నాన్న బోరుబండి మీద పనికి ఊళ్ళు తిరిగేవాడు, నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మా నేనూ. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఇది పద్దెనిమిదేళ్ళ కిందటి మాట.

ఆ ఏడు అమ్మకు దగ్గు కల్లాలు మొదలవకముందే పట్టుకుంది. దీపావళికే ఉంది. పెద్దమ్మ ఆకు తాగితే నాలుగు రోజులు తగ్గేది, మళ్ళీ వచ్చేది. మనిషి చిక్కింది. రవికలు వదులై సేఫ్టీపిన్నులు పెట్టుకునేది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. అదంతా మిరపకాయ మీదికి తోసేసింది అమ్మ. నేనూ తోసేశాను.

ఒకరోజు పొద్దున నీళ్ళపొయ్యి దగ్గర అమ్మ ఒక చీరపేలికను మంటలోకి నెడుతూ కనిపించింది. సగం కాలిన గుడ్డ మీద ఎర్రటి మరక. అది కారం మరక కాదని చూడగానే తెలిసింది.

"ఎవరికన్నా చెప్పావంటే నా మీద ఒట్టే" అంది అమ్మ, నేనింకా నోరు తెరవకముందే. "పై వీధిలో ఆ మనిషికి టీబీ అని తెలిసినాక ఏమైందో చూశావుగా. మేస్త్రి ముఠాలోకి రానిచ్చాడా? ఎవరన్నా గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చారా? ఈ సీజన్ అయిపోనీ. కల్లాలు ఎత్తంగానే ఆసుపత్రికి పోతా. అప్పటికి నీ పరీక్షలు కూడా అయిపోతయ్."

సరేనన్నాను. ఇప్పుడు నిజం చెప్పాలి. అమ్మ వేసిన ఒట్టు నాకు ఒక సాకు దొరికినట్టయింది. నాకూ భయమే. కాలేజీ బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండిపోతుందేమోనని భయం. అమ్మ చచ్చిపోతుందన్న భయం మాత్రం అప్పుడు లేదు. ఇరవై ఏళ్ళ వయసులో అమ్మలు చచ్చిపోతారని ఎవరనుకుంటారు?

నాలుగైదు రోజుల తర్వాత ఆకు కోసం వెళ్ళాను. పెద్దమ్మ దడి దగ్గరే ఉంది. ఎప్పటిలా చెయ్యి చాపలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

"మీ అమ్మ ఈ ఆకు తాగబట్టి ఎన్నాళ్ళయింది?"

"మూడు నెలలు పెద్దమ్మా."

"అన్నాళ్ళు తాగే ఆకు కాదిది. కళ్లెలో ఎరుపేమన్నా పడతందా?"

"లేదు."

"చూసే చెప్తన్నావా?"

"చూశా పెద్దమ్మా. లేదు."

నేను చెప్పులు చూసుకుంటున్నాను. ఆమె ఆకులు తుంచింది, ఒక్కొక్కటే, మామూలు కన్నా చాలా నెమ్మదిగా. నా చేతిలో పెడుతూ, "రేపు ఆదివారం పోనిచ్చి సోమవారం ఆసుపత్రికి తీసకపో. నేనన్నానని చెప్పు" అంది.

చెప్పాను. "మీ పెద్దమ్మకేం తెలుసు నా కూలి సంగతి" అంది అమ్మ. సోమవారం కల్లానికి పోయింది. ఆ పై సోమవారం కూడా పోయింది.

నా పరీక్షలు ఇంకో పదిరోజులుండగా అమ్మ కల్లంలోనే పడిపోయింది. ఆటోలో వేసి తెచ్చారు. పెద్దాసుపత్రికి తీసుకుపోతే రెండు ఊపిరితిత్తులూ చెడిపోయాయన్నారు. డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పెట్టి చూపించి, "ఇన్నాళ్ళు ఏం చేశారమ్మా? మూడు నెలల ముందు వస్తే మాత్రలతో పోయేది" అంది. మూడు వారాలు ఉంది అమ్మ. ఆ మూడు వారాలూ నేను మంచం పక్కనే ఉన్నాను. డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను. "నా వల్లే" అన్న జవాబు కాకుండా ఇంకేదైనా దొరుకుతుందేమోనని.

దొరికింది. పోయిన అమ్మను ఇంటికి తెచ్చిన రోజు వీధంతా చేరింది. పెద్దమ్మ తలమీద కొంగు కప్పుకుని, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చోబోయింది. నాకు ఏమైందో తెలియదు. ఆమె భుజం పట్టి లాగేశాను.

"నువ్వు డాక్టరువా? నీ ఆకే మా అమ్మని చంపింది! ఆ చెత్త తాగిస్తా ఇన్నాళ్ళూ ఆసుపత్రికి పోనియ్యకుండా చేశావు! పో బయటికి!"

ఏడుపులు ఆగిపోయాయి. అందరూ ఆమె వైపు చూశారు. పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. ఒక్క మాట చాలు ఆమెకు. "నేను అడిగితే లేదన్నది నువ్వు కాదా" అంటే చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది, నేను చూశాను. కొంగు సర్దుకుని, లేచి, వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గొడ్డలి చప్పుడుకు బయటికి వచ్చాను. పెద్దమ్మ దడి నరుకుతోంది. ఒక్కతే. కొడుకు వద్దంటున్నా వినలేదు. మధ్యాహ్నానికి వీధి పక్కంతా మొదళ్ళే మిగిలాయి. ఆకూ కొమ్మా కుప్పగా పడి ఉంటే, మేకలు వచ్చి వాసన చూసి పోయాయి.

నా మాట వీధిలో నిలబడిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆమె ఆకు తాగి దగ్గు తగ్గించుకున్నవాళ్ళే "చదువుకున్న పిల్ల, ఊరికే అంటదా" అన్నారు. గుడిలో ఆమె పక్కన కూర్చునే ఆడవాళ్ళు కొన్నాళ్ళు వేరే చాప మీదికి మారారని విన్నాను. ఆమె ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. అది నాకు అప్పుడు తప్పు ఒప్పుకున్నట్టే అనిపించింది. అలా అనిపించడం నాకు అవసరం కూడా.

వానలు పడగానే మొదళ్ళు చిగుర్లు వేశాయి. ఆ ఏడంతా ఆమె ఒక్కరికీ ఆకు ఇవ్వలేదట. నేను బీఈడీ చదివి, ఉద్యోగం తెచ్చుకుని, గురజాలలో అద్దెకు దిగాను. నాన్న ఉన్నన్నాళ్ళూ వీధికి వచ్చిపోతూనే ఉన్నాను. ఆమె దడి మళ్ళీ మనిషెత్తు పెరగడం చూశాను. ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని. ఆమె తల తిప్పుకునేది కాదు. నిలబడి, నేను దాటిపోయేదాకా ఆగి, తర్వాత తన దారిన పోయేది.

ఆమె తర్వాత ఏం చేసిందో నాకు ఇంకొకరి నోటితో తెలిసింది. ఒకసారి మాచర్ల బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. నేనెవరో ఆమెకు తెలియదు. నేను దగ్గుతుంటే మొహంలోకి చూసి, "ఎన్నాళ్ళయిందమ్మా దగ్గు?" అంది. రెండు రోజులన్నాను.

"అయితే పర్లేదు. రెండు వారాలు దాటితే మటుకు ఊరుకోమాక. నాకు టీబీ వచ్చి పోయిందమ్మా. మా ఊరి పక్కనే ఒక ముసలమ్మ ఉంది, ఆమె వల్ల బతికా" అని చెప్పడం మొదలుపెట్టింది.

ఆకు కోసం పోతే పెద్దమ్మ ఆమెకు ఆకు ఇవ్వలేదట. "రెండు వారాలు దాటిన దగ్గుకి నా దగ్గర ఆకు లేదు. కళ్లె పరీక్ష చేయించుకుని చీటీ తీసకరా. చీటీలో ఏం లేదంటే అప్పుడు కోసిస్తా" అందట. ఈమె కోపంగా తిరిగి వెళ్ళిపోతే, మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ కల్లానికే వచ్చేసింది. చేతిసంచీలో ఆసుపత్రివాళ్ళు కళ్లె కోసమిచ్చే చిన్న మూత డబ్బా. ఆటో తెచ్చి గట్టు మీద ఆపింది. మేస్త్రి అడ్డం వచ్చాడు.

"ఏంది ముసలమ్మా, పని రోజుల్లో నా మనుషుల్ని ఎత్తకపోతన్నావ్?"

"నేను ఒక్క పూట ఎత్తకపోతా. ఇప్పుడు నువ్వాపితే, రేపు నలుగురూ కలిసి ఎత్తకపోవాల. ఏది కావాలో చెప్పు."

"టీబీ అని తేలితే నేను ముఠాలోకి రానియ్యను."

"మాత్ర మింగే మనిషి వల్ల ఎవరికీ రాదు. కొన్నాళ్ళు మింగితే చాలు, అంటదు. మింగకుండా ఈడ కూర్చుని దగ్గేదాని వల్లే మీ అందరికీ వచ్చేది. నువ్వూ దగ్గుతన్నావుగా, నువ్వు కూడా ఎక్కు ఆటో."

కల్లంలో ఆడవాళ్ళంతా పకపకా నవ్వారట. మేస్త్రి ఆటో ఎక్కలేదు కానీ అడ్డం తొలిగాడు. ఆరు నెలలూ మాత్రలు మింగిందో లేదో చూడటానికి పెద్దమ్మ వాళ్ళ ఇంటికి నడిచి వచ్చేదట. ఎండలో, మూడు కిలోమీటర్లు.

"ఎందుకమ్మా అంత పట్టింపు ఆమెకి?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"ఎవరో ఒకామె చచ్చిపోయిందంటమ్మా, ఆ ముసలమ్మ ఆకు తాగి. పాపం, తెలియక ఇచ్చింది. అప్పట్నించీ ఇట్టా తిరగతా ఉంటది" అంది ఆమె.

మా స్టాపు రాకముందే దిగిపోయాను.

కరోనా రెండో ఏడు, బళ్ళు మూసేశాక, ఊరికి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాను. అప్పటికి నాన్న కూడా లేడు. ఆ రోజుల్లో ఫోన్లలో ఎవరేం పెడితే అది కషాయం కాచుకునేవాళ్ళు జనం. పెద్దమ్మ దడి మీద పడి కొమ్మలు విరుచుకుపోతుంటే ఆమె కర్ర పట్టుకుని నిలబడింది. "ఇది దగ్గుకి ఆకు, కరోనాకి మందు కాదు. ఆయాసం వస్తే నా దగ్గరికి కాదు, ఆక్సిజన్ దగ్గరికి పోండి" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది.

నాకు జ్వరం వచ్చింది. రెండో రోజు దగ్గు మొదలైంది. ఒంటరిగా తలుపు వేసుకుని పడుకుని ఉంటే గేటు దగ్గర నుంచి పిలుపు వినబడింది. పదమూడేళ్ళ తర్వాత ఆ గొంతు నా పేరు పిలిచింది. కిటికీ తీశాను. పెద్దమ్మ, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని నిలబడి ఉంది.

"దగ్గు వినబడతంది. ఆయాసం ఉందా? మెట్లెక్కితే రొప్పొత్తందా? అబద్ధం చెప్పమాక."

ఆ ఆఖరి మాటకు కిటికీ ఊచ పట్టుకున్నాను. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. కోపం లేదు. ఇన్నేళ్ళూ ఆమెకు గుర్తుంది, అంతే. ఈసారి నిజం రాబట్టుకుని గానీ కదలనన్నట్టు నిలబడింది.

"ఉంది పెద్దమ్మా. కొంచెం ఉంది" అన్నాను.

గంటలో ఆశా వర్కర్‌ను వెంటబెట్టుకొచ్చింది. వేలికి పెట్టే మిషన్ తెప్పించింది. నన్ను ఆసుపత్రికి పంపేదాకా గేటు దగ్గరే ఉంది. పది రోజుల తర్వాత తిరిగివచ్చాను. అప్పుడు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను, అంతే. పండగలకు బట్టలు పెట్టాను. ఆమె కట్టుకుంది. మాటలు కలిశాయి కాబట్టి అసలు మాట అక్కర్లేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇంకో నాలుగేళ్ళు అలా గడిపాను.

పోయిన దసరా సెలవుల్లో వెళ్ళాను. పెద్దమ్మ పెరట్లో చేటలో బియ్యం ఏరుతోంది. చూపు తగ్గింది, రాళ్ళు వేళ్ళతో తడిమి తీస్తోంది. పక్కన కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఆ రోజు నువ్వడిగినప్పుడు నేను అబద్ధం చెప్పా. నేను రక్తం చూశా."

చేట ఆగలేదు. "తెలుసులే" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"అడిగినప్పుడే. నువ్వు చెప్పులు చూసుకున్నావు."

"మరి నేను అంత మందిలో అట్టా అంటే ఎందుకూరుకున్నావు?"

"తల్లి చచ్చి కూర్చున్న పిల్లతో వాదం పెట్టుకోమంటావా?" చేట కింద పెట్టింది. "అదొక్కటే కాదులే. నువ్వన్న దాంట్లో సగం నిజం. నువ్వు అబద్ధం చెప్తన్నావని నాకు తెలిసింది. తెలిసి కూడా ఆకు కోసి చేతిలో పెట్టా. పక్కిల్లే గదా, నాలుగడుగులు. వచ్చి మీ అమ్మ జుట్టు పట్టి ఆటో ఎక్కించాల్సింది. ఎందుకు రాలా? మీ అమ్మకి కోపమొస్తదని. నా ఆకు మీద నాకే కాస్త గొప్పుండేది, అదొకటి."

"నా తప్పే పెద్దమ్మా అది. నీది కాదు."

"నీది నువ్వు మొయ్యి, నాది నేను మోత్తా. రెండూ కలిపి ఒకళ్ళ నెత్తిన పెడితే తగ్గదు."

నేను ఏడుస్తుంటే ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేకపోయాను. చాలాసేపయ్యాక, "వీధిలో అందరికీ చెప్తా పెద్దమ్మా" అన్నాను.

"నా కోసమైతే వద్దు. నాకు అలవాటైంది. నీ కోసమైతే చెప్పు" అంది. మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది.

క్రిస్మస్‌కు గుడి దగ్గర అందరూ కలుస్తారు, అప్పుడు చెబుదామనుకున్నాను. ఆ రోజు నాకు జలుబు. కొత్త సంవత్సరం ప్రార్థనకు వెళ్ళాను, పిల్లల నాటకాలతో హడావిడిగా ఉంది. పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామనుకున్నాను. ఇంతలో ఫోను వచ్చింది.

సగం రోజు సెలవు పెట్టి బయలుదేరాను. ఇంటి దగ్గర మనిషి మీద మనిషి. ఈసారి ఆమె కాళ్ళ దగ్గర నేను కూర్చున్నాను. ఎవరూ నన్ను లాగలేదు. నాలుగింటికి సమాధుల తోటకు తీసుకెళ్ళారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక, "ఆమె గురించి రెండు మాటలు చెప్పేవాళ్ళు ముందుకు రండి" అన్నారు.

లేచాను. అందరూ ఉన్నారు. ఆ రోజు విన్నవాళ్ళలో మిగిలినవాళ్ళంతా ఉన్నారు. "పెద్దమ్మ చాలా మంచిది. ఎంతోమందిని ఆసుపత్రికి తీసుకెళ్ళి బతికించింది. నన్నూ బతికించింది. ఆమె చేసిన మేలు…" అక్కడితో ఆగిపోయాను. మిగతాది రాలేదు. వచ్చి నా చోట నిలబడ్డాను.

వెనక నుంచి ఎవరో పక్కవాళ్ళతో అంటున్నారు. "ఎంత పెద్ద మనసమ్మా ఈ పంతులమ్మది. ఆమె వల్ల తల్లిని పోగొట్టుకుని కూడా వచ్చి మంచి మాట చెప్పింది."

వెనక్కి తిరిగి ఆ మనిషి మొహం చూశాను. కాదు అనాలి. అది కూడా అనలేకపోయాను.

అక్కడ అనలేనిది ఇక్కడ అంటున్నాను. మా అమ్మను పెద్దమ్మ ఆకు చంపలేదు. పెద్దమ్మ అడిగింది, నేను లేదన్నాను. ఆమె ఆసుపత్రికి పొమ్మంది, మేం పోలేదు. అప్పుడు పోయి ఉంటే అమ్మ బతికేదా అంటే నాకు తెలియదు. ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియదు. మా వీధివాళ్ళు ఇది చదివితే ఏమనుకుంటారో అదీ తెలియదు. ఏమనుకున్నా అది నేను మోయాల్సిందే.

మట్టి పోయడం మొదలయ్యాక అక్కడ నిలబడలేక గేటు వైపు నడిచాను. గేటు బయట, రోడ్డుకు అవతల, కల్లంలోంచి నేరుగా వచ్చిన ఆడవాళ్ళు ఓ ఇరవై మంది నిలబడి ఉన్నారు. ముక్కులకు కట్టుకున్న గుడ్డలు మెడల్లోకి జారి ఉన్నాయి. లోపలికి రండమ్మా అన్నాను.

"వద్దులేమ్మా. మా బట్టల నిండా కారమే. మేమొస్తే లోపల అందరూ దగ్గుతారు" అంది ముందున్నామె.

వాళ్ళు ఏడుస్తున్నారు. ఒక్కరూ కళ్ళు తుడుచుకోవడం లేదు. పొద్దుటి నుంచి మిరపకాయలు ఒలిచిన చేతులు. కంటికి తగిలితే మంట. అందుకని చేతులను ఒంటికి దూరంగా, తడిగా ఉన్నట్టు పట్టుకుని నిలబడ్డారు. కన్నీళ్ళు చెంపల మీద దుమ్ములో చారలు కట్టి గడ్డాల నుంచి కారుతున్నాయి.

బ్యాగులోంచి చేతిరుమాలు తీశాను. రోడ్డు దాటి వెళ్ళి ముందున్నామె కళ్ళు తుడిచాను. ఆమె చిన్నపిల్లలా కళ్ళు మూసుకుని మొహం పైకెత్తింది. పక్కనున్నామె ఒక అడుగు ముందుకు వచ్చి, తన మొహం కూడా పైకెత్తి నిలబడింది.